అబ్రహాం కడుపులో హోరు

డోర్నకల్ ఫంక్షన్ హాల్లో ఉచిత వైద్య శిబిరం. వేదిక మీద మొగుడి పక్కన నిలబడ్డ మంజులకు ఒళ్లంతా కంపరంగా ఉంది. మూడు నెలల కింద అబ్రహాం నడుముకు ఆపరేషన్ చేసిన డాక్టరు, ఇప్పుడు అతణ్ణి అంగట్లో గొడ్డులా అటూ ఇటూ తిప్పి జనానికి చూపిస్తున్నాడు.

"మిర్చి బస్తాలు మోసే నడుము! ఎంత నిటారుగా నిలబడ్డాడో చూడండి!"

చప్పట్లు మోగాయి. నడుం నొప్పి పోయిన మాట నిజమే. కానీ ఎడమ కాలు ఉబ్బిపోయింది, నాలుగడుగులకే ఆయాసం, బొడ్డు కింద చెయ్యి పెడితే జుమ్మని అదురు. పక్కన పడుకుంటే మంజులకు ఆ హోరు వినిపిస్తుంది. రెండుసార్లు చూపిస్తే డాక్టరు స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విని, గ్యాసని చెప్పి గోలీలు రాశాడు.

శిబిరానికి తోలుకొచ్చింది ఊళ్లో సూదులేసే ఐలేశ్. "అక్కా, మంచిగైందని బావను ఒక్క మాట చెప్పుమను. సారు ఖుషై కడుపు మల్ల చూస్తడు," అన్నాడు. ఆ ఆశతోనే వచ్చింది. మొగుడు దక్కితే చాలు ఆమెకు.

అబ్రహాం మైకు పట్టుకుని, రొప్పుతూనే, "ప్రభువే సారు చేతిల ఉండి నన్ను నిలవెట్టిండు," అన్నాడు. ఈ మనిషి మంచితనం మీద మన్ను పడ, అనుకుంది మంజుల.

"సారూ, గిప్పుడు జర కడుపు చూడుండ్రి."

"గ్యాసేనమ్మా!" డాక్టరు జనం వైపు తిరిగి నవ్వాడు. జనమూ నవ్వారు. ఐలేశ్ అందరికంటే గట్టిగా ఇకిలించాడు.

ఆ పళ్లు చూసి మంజుల మైకు లాక్కుని, మొగుడి అంగీ ఎత్తి, బొడ్డు కింద ఆనించింది.

హాలంతా హోరెత్తింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా హెచ్చుతూ, నడుమ ఎక్కడా ఆగకుండా, బోరు మోటారు నడిచినట్టు మోగింది. నవ్వులు ఆగిపోయాయి. ఆపరేషన్‌కు పేరు రాయించుకున్న ముసలవ్వ ఒకామె లేచి చెప్పులు వెతుక్కుంది.

డాక్టరు మైకు వైరు పీకేసి, మంజుల చెవి దగ్గరికి వంగాడు. "అరవకమ్మా. చాలా అరుదుగా, ఈ ఆపరేషన్‌లో వెన్నెముక ముందున్న రక్తనాళాలకు గాయమై ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. గుండె మీద భారం పడుతుంది. హైదరాబాద్‌లో రక్తనాళాల డాక్టరుతో పోయిన నెలే మాట్లాడాను. ఈ క్యాంపు అయ్యాక పంపిద్దామనుకున్నా. నా కారులో ఇప్పుడే వెళ్లండి."

"క్యాంపు అయినంకనా? ఎరుకుండే గ్యాసు గోలీలు మింగించినవా?"

అతను డ్రైవరును చేత్తో పిలిచాడు. మంజుల అతని బూట్ల ముందు తుపుక్కున ఉమ్మి, ఆ కారే ఎక్కింది. ఎక్కక చేసేదేముంది?

కారు కదులుతుంటే అబ్రహాం కిటికీలోంచి డాక్టరుకు దండం పెట్టబోయాడు. మంజుల ఆ చేతులు పట్టి కిందికి లాగింది.