కెప్టెన్ వాళ్ళమ్మ చెప్పిన మాట

ఆదివారం పొద్దున పదిన్నరకు కరెంటు ఉంటే చాలు, కృపాకుమారికి ఆ వారం గడిచినట్లే. పంచాయతీ ఆఫీసు వరండాలో ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేసిన టీవీని అటెండరు బయ్యన్న తెరిచేవాడు. 'గగన నౌక' సీరియల్ వచ్చేది. భూమి మీద నీళ్ళు అయిపోతే, నీళ్ళున్న గ్రహాన్ని వెతుక్కుంటూ బయలుదేరిన ఓడ కథ అది. మిగతా పిల్లలు తుపాకుల కోసం చూసేవాళ్ళు. కృప మాత్రం కెప్టెన్ నోరు తెరిచినప్పుడల్లా చెవులు రిక్కించేది. విన్న మాటను నాలుక మీదే పెట్టుకుని, దారిలో ఎవరు పలకరించినా తల మాత్రం ఊపి, గబగబా ఇంటికి పోయి నోట్‌బుక్కులో రాసుకునేది.

ఎడమ పేజీలో తన సంగతులు, కుడి పేజీలో కెప్టెన్ మాటలు. "లెక్కల సారు లేపి అడిగినాడు. జవాబు తెలుసు. చెప్పలేదు. మౌనిక నవ్వింది" అని ఎడమవైపు ఉంటే, దానికి ఎదురుగా "భయం కూడా ఇంధనమే. పొయ్యిలో వేస్తే ఓడ నడుస్తుంది, జేబులో పెట్టుకుంటే చొక్కా కాలుతుంది" అని ఉండేది. మరుసటి రోజు సారు మళ్ళీ లేపాడు. భయాన్ని పొయ్యిలో వేద్దామనే చూసింది కృప. ఆ పొయ్యి ఎక్కడుందో దొరకలేదు. అయినా కెప్టెన్ మాటలో లోపం ఉందని ఆమెకు తోచలేదు. తనే ఇంకా నేర్చుకోవాలి అనుకుంది. తొమ్మిదో తరగతి చదివే పిల్లకు, బడిలో ఎవరూ అడగనివీ ఇంట్లో ఎవరూ చెప్పనివీ ఆ ఓడలో దొరికేవి.

గుమ్మఘట్ట దగ్గరి ఆ ఊళ్ళో వరసగా రెండేళ్ళు వేరుశనగ ఎండిపోయింది. మగవాళ్ళు బెంగళూరు బిల్డింగు పనులకు పోయారు. ఊళ్ళో మిగిలినవాళ్ళ తరఫున జాబులు రాయడం కృప పని అయింది. అక్షరాలు గుండ్రంగా ఉంటాయని కొంత, నోరు మెదపని పిల్ల కాబట్టి ఇంటి గుట్టు బయటికి పోదని కొంత.

ఆడవాళ్ళు చెప్పేది ఏమీ ఉండేది కాదు. "అంతా బాగుండాము, నువ్వు బాగుండేది, అంతే, అంటించు" అనేవాళ్ళు. ఇన్‌లాండ్ కవరులో సగానికి పైగా ఖాళీగా మిగిలేది. ఆ ఖాళీ చూస్తే కృపకు ప్రాణం ఉసూరుమనేది. ఒకసారి కదిరమ్మ జాబు చివర కెప్టెన్ మాట ఒకటి చేర్చింది: "దూరం అనేది నడవనివాళ్ళకే దూరం." తర్వాత అది అలవాటైపోయింది.

సంక్రాంతికి ముందు ఊరికొచ్చిన తాపీ పనివాడు తిప్పయ్య, కృప వాళ్ళ ఇంటి ముందు ఆగి ఆమెను పిలిచాడు. "ఏం పాపా, నీ జాబులు ఆడ చదివిస్తాంటే పనోళ్ళంతా గంపలు దించి ఇంటాండారు. కదిరమ్మ మొగుడైతే ఏడ్చినాడు. నా పెండ్లానికి ఇంత తెలివి యాడిదప్పా, నాతో ఉన్నప్పుడు తిట్టేది తప్ప ఏం రాదే అని."

కృప తల వంచుకుని లోపలికి పోయింది. ఎవరైనా ఆమెను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ సంగతి రెండు పేజీల్లోనూ రాసుకుంది.

శివరాత్రి ముందు హనుమక్క పిలిచింది. వీధి చివర ఒక్కతే ఉండే ముసలామె. కొడుకు ఆంజినప్ప బెంగళూరు పోయి ఏడాదిన్నర దాటింది, ఒక్కసారీ రాలేదు.

"రాయి మే. నాయనా ఆంజినప్పా, నేను బాగుండా."

కృప ఆమె కాళ్ళ వైపు చూసింది. రెండూ ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. "బాగుండావా అవ్వా?"

"నా కాళ్ళతో వానికేం పని. బాగుండా అనే రాయి. బాగలేదంటే పని ఇడిసిపెట్టి వస్తాడు, మళ్ళీ పని దొరకద్దా." చీర కుచ్చిళ్ళు కాళ్ళ మీదికి లాక్కుంది. "ఉగాదికి రమ్మను. దుడ్లు లేకపోయినా ఏం కాదు. ఉత్త చేతుల్తో వచ్చినా సరే, వచ్చి ఇంత ముద్ద తినిపొమ్మను. అంతే మే."

చెప్పేసి, మేక దడి మీదికి ఎక్కుతోందని కర్ర తీసుకుని బయటికి పోయింది.

కృప పెన్ను పట్టుకుని ఆగింది. ఈ జాబు అక్కడ పదిమంది మధ్య గట్టిగా చదువుతారు. ఉత్త చేతులు, దుడ్లు లేకపోయినా, ముద్ద తినిపో. ఆంజినప్పన్న తల ఎక్కడ పెట్టుకుంటాడు? సీరియల్ మొదలయ్యే ముందు ప్రతివారం కెప్టెన్ వాళ్ళమ్మ ఇంటి ముందు నిలబడి కొడుకుని సాగనంపుతూ ఒక మాట అంటుంది. తెల్లటి చీర, ఎగిరే జుట్టు, కంట్లో చుక్క నీరుండదు. అలాంటి అమ్మ ఉన్నందుకే అతను కెప్టెన్ అయ్యాడని కృప నమ్మకం. ఆ మాటే రాసింది: "గెలిచి రా నాయనా. గెలవకుండా ఈ గడప తొక్కొద్దు."

ఉగాది మాట రాయలేదు. గెలవడానికి తేదీ పెడితే బాగుండదనిపించింది.

"చదవాల్నా అవ్వా?" అని అడిగింది, హనుమక్క తిరిగొచ్చాక.

"నీ మీద నమ్మకం లేకనా. అంటించు."

మూడు వారాలకు జవాబు వచ్చింది. తొందరగా రాసినది, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. కృప ముందు లోలోపల చదువుకుంది. "అమ్మా, నీ జాబు అందింది. నువ్వన్నది నిజమే. గెలిచినాకనే వస్తా. అంతవరకు గడప తొక్కను. నా కోసం ఎదురు చూడొద్దు."

"ఏమంటాడు?" అంది హనుమక్క.

కృప జాబు మడిచింది. "పని... పని ఎక్కువుండాదంట అవ్వా."

"ఉగాదికి?"

"చూస్తానన్నాడు."

"చూస్తానంటే వస్తాడులే. చిన్నప్పటి నుంచి వాని తీరే అంత."

ఉగాది రోజు హనుమక్క పొద్దున్నే ఇల్లు అలికింది. రెండు బస్సులు వచ్చిపోయాయి. రెండో బస్సు పోయాక కూడా ఆమె దుమ్ము అణిగేదాకా వీధి మొగదల్లోనే నిలబడి ఉంది. కృప తన ఇంటి తలుపు సందులోంచి చూసింది. ఆ రోజు కుడి పేజీలో రాయడానికి ఏమీ వెతకలేదు.

మర్నాడే దాచుకున్న చిల్లరతో కవరు కొని తనంతట తనే జాబు రాసింది. "అన్నా, ఆ మాట అవ్వది కాదు. అవ్వ ఉత్త చేతుల్తో అయినా రమ్మనింది. కాళ్ళు ఉబ్బినాయి. వెంటనే రా." ఇరవై రోజులకు అదే కవరు తిరిగొచ్చింది, చిరునామాలో ఎవరూ లేరని. తర్వాత తిప్పయ్య వచ్చినప్పుడు తెలిసింది, ఆ బిల్డింగు అయిపోయిందని. కూలీలు తలా ఒక దారి పోయారు. ఆంజినప్ప హోసూరు వైపు పోయాడని ఎవరో అన్నారట.

వైశాఖం ఎండల్లో హనుమక్క మంచం పట్టింది. కృప నాయన జాకబ్ ఆమెను రాయదుర్గం ఆసుపత్రికి తీసుకుపోయాడు. గుండె బలహీనంగా ఉందని మాత్రలిచ్చి పంపించారు. కృప రోజూ గంజి తీసుకుపోయేది. చెప్పాలని పోయి, చెప్పకుండానే గిన్నె కడిగి వచ్చేది. మూడు రోజులు అలాగే గడిచాయి. నాలుగో రోజు గిన్నె కింద పెట్టి, తలెత్తకుండా మొత్తం చెప్పింది. జాబులో ఏం రాసింది, జవాబులో ఏముంది, తను ఏమని చదివింది.

హనుమక్క ఆమె వైపు తిరిగింది.

"ఇంగోసారి చెప్పు, ఏమని రాసినావు?"

కృప చెప్పింది.

"వాడు నమ్మినాడా, నేనే అన్న్యానని?"

"నమ్మినాడవ్వా."

ముసలామె కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరవకుండానే మాట్లాడింది. "నమ్ముతాడులే. పది ఫెయిలైనప్పుడు నేను ఇట్లే అన్న్యా. పాసయ్యి రా, లేకుంటే ఇంట్లో కాలు పెట్టొద్దని. రెండు దినాలు ఊరి బయట బీట్లో పండుకున్నాడు, తిండి లేకుండా. ఇరవై ఏండ్లయింది. నేనూ మళ్ళీ ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు. ఆ మాట పోగొట్టాలనే మే, ఈ జాబు రాయించింది."

కృపకు ఏడుపు కూడా రాలేదు. "తిట్టవ్వా నన్ను" అంది.

"తిడితే వాడు వస్తాడా. గంజి చల్లారిపోతాంది, ఇట్ల తే."

ఆ తర్వాత తిప్పయ్యతో పాటు ఆ దిక్కు పోయే ప్రతి మనిషికీ, ఆంజినప్ప కనపడితే అమ్మకు బాగలేదని చెప్పమని చెప్పి పంపించారు. హోసూరులో కూలీలు నిలబడే అడ్డాల్లో అడగమన్నారు. ఎవరి దగ్గరనుంచీ కబురు రాలేదు. మృగశిర కార్తె వచ్చింది. ఒకరోజు మబ్బు పట్టి, నాలుగు చినుకులు పడి దుమ్ము వాసన మాత్రం లేపి పోయింది. అది జరిగిన రెండో రోజున హనుమక్క చనిపోయింది. జాకబ్, ఇంకో ముగ్గురు మోశారు. కొరివి దాయాది ఒకడు పెట్టాడు.

పదకొండో రోజు మధ్యాహ్నం బస్సు దిగాడు ఆంజినప్ప. కొత్త బ్యాగు, చేతికి గడియారం. తిప్పయ్య కబురు అతనికి ఆ ముందు రోజే టీ అంగట్లో అందింది. ఊరివాళ్ళు చుట్టూ చేరి మాట్లాడి, ఒక్కొక్కరే లేచి పోయాక, అతనే కృప ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు.

"నువ్వే కదమ్మా అమ్మకు జాబు రాసింది."

కృప తల ఊపింది.

అతను జేబులోంచి మడతలు చినిగిన ఇన్‌లాండ్ కవరు తీశాడు. "ఇది నా దగ్గరే పెట్టుకున్న్యా. ఇది చదివినాకనే నాకు కసి పుట్టింది. ఇప్పుడు నేనే మేస్త్రీని, కింద పన్నెండు మంది పని చేస్తాండారు. వచ్చే నెల వద్దామనుకున్న్యా, అమ్మకు మొగం చూపిద్దామని." కవరు మళ్ళీ మడిచాడు. "గట్టిది మా యమ్మ. చచ్చేదాకా ఒక్క మెట్టు దిగలేదు."

లోపల గూట్లో నోట్‌బుక్కు ఉంది. అందులో ధైర్యం గురించి పదిహేడు మాటలున్నాయి. ఒక్కటీ గుర్తు రాలేదు కృపకు. తను నోరు మూసుకుంటే ఈ సంగతి ఇంక ఎవరికీ తెలియదు. అతను ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని, గట్టి అమ్మ కొడుకుగా బతుకుతాడు.

"అన్నా, ఆ మాట అవ్వది కాదు" అంది.

అతను తలెత్తాడు.

"నేను రాసినా. టీవీలోది. అవ్వ చెప్పింది వేరే." జుట్టు ఎగిరే ఆ టీవీ అమ్మ గురించి, ఓడ గురించి, తిరిగొచ్చిన కవరు గురించి, పది ఫెయిలైన మాట గురించి, తడబడుతూ, వెనకది ముందు చెప్తూ, అంతా చెప్పింది.

మడిచిన కవరు వైపు చూస్తూ అడిగాడతను. "ఆ కెప్టెన్ ఇంటికి పోయినాడా?"

"లేదన్నా. రెండేండ్లయింది, ఇంకా తిరుగుతానే ఉండాడు."

"వాళ్ళమ్మో?"

"ఆయమ్మ మొదట్లోనే కనపడతాది. ప్రతి వారం అదే ముక్క ఏస్తారు. ఎప్పటికీ ముసలిది కాదు."

"అమ్మ ఏం చెప్పింది? ఉన్నదున్నట్లు చెప్పు."

"ఉగాదికి రమ్మను. దుడ్లు లేకపోయినా ఏం కాదు. ఉత్త చేతుల్తో వచ్చినా సరే, వచ్చి ఇంత ముద్ద తినిపొమ్మను."

"ముద్ద తినిపొమ్మనిందా."

"అవునన్నా."

అతను గడియారం పట్టీని విప్పి, మళ్ళీ బిగించాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని కృప అనుకుంది. లేచి చెప్పులు తొడుక్కుంటూ, ఆమె వైపు చూడకుండానే అడిగాడు. "ఇంగా ఎంతమందికి రాసినావు ఇట్ల?"

కృప లెక్క వేసుకుంది. "పదకొండు ఇండ్లకు, అన్నా."

"వాళ్ళ మొగోళ్ళు ఈ మాటలు పట్టుకుని యాడేడ కూర్చోనుండారో. పోయి చెప్పు. నాకు చెప్పినట్లే చెప్పు."

అతను వీధి చివరకు నడిచిపోయాడు. సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడని తర్వాత అన్నారు.

కృప అరుగు దిగింది. ఎండ ఇంకా తగ్గలేదు. వీధిలో మొదటి ఇల్లు కదిరమ్మది. ఆమె గుమ్మంలో కూర్చుని రేషన్ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"ఏం మే, జాబొచ్చిందా?" అంది కదిరమ్మ, ముఖం విప్పార్చి.

"లేదక్కా" అంది కృప. కింద కూర్చుంటే మళ్ళీ లేవలేనని నిలబడే ఉంది. "నేను నీకు ఒక సంగతి చెప్పాల. నీ జాబుల్లో నువ్వు చెప్పనివి రాసినా."

కదిరమ్మ చేతిలోని చేట ఆగిపోయింది. "ఏం రాసినావు?"

కృప చెప్పడం మొదలుపెట్టింది.