పాసువర్డు తెచ్చిన తారాబాయి

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ఆ రోజు రెండు బస్సుల్లో ఇద్దరు మనుషులు బయల్దేరారు. ముందు బస్సులో స్కూలు ప్యూను సుంకప్ప. అతని ఒళ్లో టిఫిను క్యారియరు, అందులో అన్నానికి బదులు ఒక ఫ్లాపీ, ఆ ఫ్లాపీలో మర్నాడు పదో తరగతి పిల్లలు రాయబోయే సోషల్ ప్రీఫైనల్ పరీక్ష పేపరు. వెనక బస్సులో ఆ పేపరు తయారు చేసిన వాదిరాజ మాస్టరు భార్య తారాబాయి. ఆమె తెస్తున్నది ఆ పేపరును తెరిచే పాసువర్డు. అది కాగితం మీద లేదు, ఆమె మనసులో ఉంది. తాళం ఒక బస్సులో, తాళంచెవి ఇంకో బస్సులో పోవాలన్నది వాదిరాజ పెట్టిన నియమం.

ఇది 1988 నాటి మాట. ఇంత కట్టుదిట్టం ఎందుకంటారా? దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే ఇదీ. ముందటేడు ఇదే పరీక్ష పేపరు ముందుగానే బయటపడింది. ఆదోనిలో ఒకటి, ఎమ్మిగనూరులో ఒకటి, రెండు ప్రైవేటు హైస్కూళ్లకూ కలిపి ఒకే పేపరు. వాదిరాజ దాన్ని చేత్తో రాసి, కవరులో పెట్టి, జిగురంటించి, బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు. పరీక్షకు ముందురోజే టీ అంగడి దగ్గర పిల్లలు ప్రశ్నలు ఒకటీ రెండూ అని వరసగా అప్పజెబుతున్నారు. ఎక్కడ కారిందో ఈనాటికీ ఎవరికీ తెలియదు. తెలియకపోతేనేం, నింద వేయడానికి మనిషి దొరికాడు. "నిప్పు లేంది పొగ వస్తుందా" అన్నారు. ఈ మాటను మన ఊళ్లలో నిప్పు ఎక్కడుందో వెతికే ఓపిక లేనివాళ్లే అంటుంటారు, గమనించండి.

వాదిరాజ ఆ ఏడాదంతా తల దించుకునే నడిచాడు. "ఈసారి కూడా ఏమన్నా తేడా వస్తే సుద్దముక్క పారేసి మంత్రాలయం పోయి పంక్తిలో అన్నం వడ్డిస్తా" అని ఇంట్లో ప్రకటించాడు. వడ్డించడం తప్పేమీ కాదు. కానీ పిల్లలకు అక్బరు గురించి చెబుతున్నప్పుడు ఆయన ముఖం ఎట్లా వెలుగుతుందో తారాబాయికి తెలుసు. ఆయన అన్నంత పనీ చేసే మనిషని కూడా తెలుసు. అందుకే ఆమెకు భయం.

ఆ మధ్యే ఒక పత్తి మిల్లు యజమాని రెండు కంప్యూటర్లు కొన్నాడు. ఒకటి ఆదోనిలో తన ఆఫీసులో పెట్టుకుని, ఇంకోటి పుణ్యానికి ఎమ్మిగనూరు స్కూలుకు ఇచ్చాడు. వాదిరాజకు ఆ పెట్టెలో దేవుడు కనిపించాడు. ఆదివారం మిల్లు ఆఫీసులో కూర్చుని ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ పేపరంతా తానే కొట్టాడు. పాసువర్డు చెబితే తప్ప అక్షరం కూడా చూపించకుండా దాన్ని దాచే ఉపాయం ఆ సాఫ్టువేరులోనే ఉంది. ఎమ్మిగనూరులో పేపరు తెరిచి, ప్రింటరు మీద స్టెన్సిలు కోసి, సైక్లోస్టైలు మిషను మీద తిప్పి రెండు స్కూళ్లకూ కాపీలు తీస్తే సరి. పేపరు రాసినవాడు అచ్చు వేసేచోటికి రాకూడదని స్కూళ్ల కమిటీ కొత్తగా రూలు పెట్టింది కాబట్టి తాను పోకూడదు. ఇక పాసువర్డు. ఫోనులో చెప్పొచ్చు గదా అంటే, ట్రంకు కాల్లో రహస్యం చెప్పడమూ దండోరా వేయించడమూ ఒకటే. అవతలివాడికి వినబడేలా అరిస్తే బజారంతా వింటుంది. అందుకని తారాబాయి.

అసలు చిక్కు ఆదోని బస్టాండులోనే మొదలైంది. ఎవరూ వినకూడదని వాదిరాజ పాసువర్డును చివరి నిమిషం దాకా చెప్పలేదు. ఇంజను మోత మొదలయ్యాక కిటికీ దగ్గరికి వచ్చాడు.

"నువ్వు నన్ను పిలుస్తావే, అదే."

"ఏన్రీ అని పిలిచేదా?"

"అది కాదు. ఇంకొకటి."

తారాబాయి ముఖం కుంకుమ రంగుకొచ్చింది. అడ్డం చెప్పేలోపే బస్సు కదిలింది. "ఇంగ్లీషు అక్షరాల్లో, ఎట్ల పలుకుతామో అట్లే!" అని అరుస్తూ వాదిరాజ నాలుగడుగులు పరుగెత్తి, ఆగిపోయాడు.

వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. నలుగురిలో అయితే తమ ఇంటి కన్నడంలో, ఏమండీ అన్నట్టు, "ఏన్రీ" అంటారు, అంతే. అయితే పెళ్లయిన మొదటేడు, మిద్దె మీద సండిగెలు, అంటే వడియాలు, ఆరబోస్తుంటే కాకుల్ని తోలడానికని పోయి వాదిరాజ ఏదో ఘనకార్యం చేశాడు. ఆ రోజు తారాబాయి అతనికి ఒక పేరు పెట్టింది. ఎవరూ లేనప్పుడు, అదీ గొంతు తగ్గించి పిలుస్తుంది. ఆ పేరేమిటని నన్నడగొద్దు. తెలిస్తే చెప్పకుండా ఉండే మనిషిని కాను.

దారి పొడుగునా ఆమె ఆ పేరును మనసులో తిప్పితిప్పి చూసుకుంది. ఎంత మర్యాదగా పలుకుదామన్నా అది మర్యాదగా రావడం లేదు. పైగా చెప్పాల్సింది ఎవరికి? ఎమ్మిగనూరు హెడ్మాస్టరు వెంకోబారావుకు. ఆయన వాదిరాజకు చిన్నాన్న వరస, అంటే తనకు మామగారు. ఆయన ముందు తలెత్తి కాఫీ కావాలా అని కూడా అడిగి ఎరగదు.

ఆమె పోయేసరికి హెడ్మాస్టరు గదిలో అంతా సిద్ధంగా ఉంది. సుంకప్ప ఫ్లాపీ అప్పజెప్పేసి వాకిట్లో నిలబడ్డాడు. కంప్యూటరు ముందు టైపు నేర్చిన గుమాస్తా మద్దయ్య కూర్చున్నాడు. తెర మీద పాసువర్డు అడుగుతూ చిన్న గీత మినుకుమినుకుమంటోంది.

"రామ్మా, కూర్చో. నాలుగింటికి కరెంటు తీస్తారు. బిరిన చెప్పు," అన్నాడు వెంకోబారావు.

తారాబాయి కొంగు భుజం చుట్టూ తిప్పుకుంది. "చెప్పేకి రాదు మామా."

"మరిచిపోయినావా?"

"లేదు."

"మరి?"

"చెప్పేకి రాదు. ఆయన పేరే. కానీ ఆ పేరు కాదు."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మద్దయ్య తెలివిగలవాడిననుకుని వాదిరాజ అని కొట్టాడు. కంప్యూటరు కీచుమంది. రాఘవేంద్ర అని కొట్టాడు. మళ్లీ కీచుమంది. వెంకోబారావు ఆలోచించి అశోకుడన్నాడు, ఆపైన అక్బరన్నాడు. మొగలు వంశం మొత్తం అయిపోయినా తలుపు తెరుచుకోలేదు.

"పోనీ నా సెవిలో సెప్పక్కా," అన్నాడు మద్దయ్య. తారాబాయి చూసిన చూపుకు అతను కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

ఇక లాభం లేదని వెంకోబారావు ఆదోని స్కూలుకు ట్రంకు కాల్ బుక్ చేశాడు. చాలాసేపటికి లైను కలిసింది. "వాదీ! పాసువర్డు ఏందప్పా?" అని ఎమ్మిగనూరు సగానికి వినబడేలా అరిచాడు. అవతల స్టాఫ్ రూములో మాస్టర్లందరూ చుట్టూ నిలబడి ఉన్నారు. లైనులో ఆపరేటరు ఊపిరి కూడా వినబడుతోంది. వాదిరాజ ఒకసారి దగ్గాడు, రెండోసారి దగ్గాడు. "తారాబాయిని అడుగు చిన్నాయనా," అని ఫోను పెట్టేశాడు.

ఆ మాట వినగానే తారాబాయికి ఒళ్లు మండింది. తాను చెప్పలేని మాటను పెళ్లాం నెత్తిన పెట్టి, హాయిగా బస్సెక్కించి పంపించాడు మహానుభావుడు!

వెంకోబారావుకు కూడా మండింది. ఆయన గడియారం చూశాడు, ఫోనును చూశాడు, ఆఖరికి మద్దయ్య వైపు తిరిగి అన్నాడు: "పోయినేడు తాళం లేకుండా పంపె. ఈ ఏడు తాళంచెవి లేకుండా పంపె. ఊరంతా అన్నది నిజమే అనిపిస్తాంది నాకు. వీనికి ఇంక పేపరు పని వద్దని కమిటీకి రాస్తా. అసలు మేస్టరు పనే వద్దు."

తారాబాయి అప్పటిదాకా చూసిన నేల చాలనుకుంది. తలెత్తింది.

"మద్దన్నా, లెయ్యి."

మద్దయ్య లేచాడు. ఆమె కుర్చీలో కూర్చుంది. "మీరు ఆ గోడ తట్టు తిరగండి. మామా, మీరు కూడా."

ముప్పై ఏళ్లుగా ఎందరు పిల్లల్ని గోడవైపు తిప్పి నిలబెట్టాడో వెంకోబారావుకే లెక్క తెలియదు. ఇప్పుడు తానే బోడి గోడను చూస్తూ, చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు. పక్కన మద్దయ్య. వాకిట్లోంచి తొంగిచూసిన సుంకప్ప, ఎవరూ చెప్పకముందే తానూ తిరిగాడు.

పదో తరగతి దాకా చదివిన అక్షరాలే గాని ఆ మీటల పలక మీద ఒక వరసలో లేవు. ఆమె ఒక్కో అక్షరం వెతికి ఒక వేలితో నొక్కింది. కంప్యూటరు కీచుమంది.

"ఏమాయెనమ్మా?" వెంకోబారావు మెడ కదిలింది.

"తిరగొద్దు మామా!"

మెడ మళ్లీ గోడవైపు పోయింది. ఈసారి తారాబాయి ఒక్కో అక్షరం సరిచూసుకుని మెల్లగా నొక్కింది. ఆ పేరు తెర మీద పెద్ద పెద్ద అక్షరాలతో కనబడుతుందేమోనని కుర్చీలో కూర్చున్నప్పటి నుంచీ ఆమె భయం. తీరా చూస్తే ఏ అక్షరం నొక్కినా ఒక చుక్కే పడుతోంది. తానేం కొట్టిందీ పెట్టె వినింది గాని బయటికి అనలేదు. మొగుడి పేరు పలకని ఇంటికోడలు లాగా నోరు మూసుకుంది. తారాబాయికి దాని మీద ఉన్నట్టుండి గౌరవం కలిగింది. ఆఖరి మీట నొక్కింది. తెర నిండా ప్రశ్నలు పరుచుకున్నాయి.

"వచ్చె!" అని కేకేసి, వెంటనే తానే కళ్లు మూసుకుంది. పేపరు చూడకూడదు గదా. కళ్లు మూసుకునే తడుముకుంటూ బయటికి నడిచింది.

కరెంటు పోయేలోపు స్టెన్సిలు తయారైంది. మిగతా పని సుంకప్ప చేత్తో తిప్పాడు. మర్నాడు పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లల ముఖాలు చూసి రెండూళ్లలోనూ జనానికి విషయం అర్థమైంది. ఆ ఏడు సోషల్లో పడ్డ సున్నాలు వాదిరాజ నిజాయితీకి సాక్ష్యం చెప్పినంత గట్టిగా ఇంకెవరూ చెప్పలేదు. వెంకోబారావు కమిటీకి రాయనైతే రాశాడు. వచ్చే ఏడు కూడా వాదిరాజే పేపరు తయారు చేయాలని రాశాడు.

పేపరు తెరిచిన రోజు సాయంత్రం తారాబాయి తిరిగొచ్చేసరికి వాదిరాజ ఆదోని బస్టాండులో కాచుకుని ఉన్నాడు. సంచి అందుకున్నాడు. పేపరు తెరుచుకుందని ఫోనులో అప్పటికే తెలిసింది. తెలియనిది ఇంకోటి ఉంది.

"చెప్పేసినావా?" అన్నాడు భయంభయంగా.

ఆమె విననట్టే బజారు దాటేదాకా నడిచింది. మనుషులు పలచబడ్డాక ఆగింది.

"మీకు బుద్ధుందా? ఊళ్లో ఇంకేం పేర్లు దొరకలేదా? నేను మీకు పెట్టుకున్న పేరును తీసుకపోయి ఇస్కూలు డబ్బాకిస్తారా?"

వాదిరాజ సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ఎవరికీ తెలియంది ఏదన్నా పెట్టాల అన్నారు తారా. రాత్రంతా వెతికినా. జీతమెంతో అమ్మకు తెలుసు, పెట్టె తాళాలు అమ్మ దగ్గరే. మనం ఏం మాట్లాడుకున్నా తెల్లారేసరికి వంటింట్లో ఉంటుంది. ఆ ఇంట్లో మనిద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియంది అదొక్కటే ఉండె."

తారాబాయి అనాలనుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి. దారిలో వరసగా పేర్చుకుని తెచ్చింది. అవి అనేలోపే కళ్లలో నీళ్లు తిరిగాయి, వాటి మీద కూడా కోపమొచ్చింది.

"చెప్పలేదు," అంది కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "వాళ్లందర్నీ గోడ తట్టు తిప్పి నేనే కొట్టినా."

"చిన్నాయనను కూడానా?"

"ఆయన్ను కూడా."

వాదిరాజ నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆపుకున్నాడు.

"వచ్చేసారి అక్బరో, అశోకుడో, ఎవర్నన్నా పెట్టుకోండి," అంది తారాబాయి. "అది పరీక్షలకియ్యను. అది నాది."