నువ్వుగింజంత ముఖం

వీధిలో అందరూ ఫోటోల బాబాయి అని పిలిచే స్టూడియో ఆయనకు నోటి దురుసు ఎంతో, పనితనమూ అంతే. "ఎన్‌లార్జ్ చేస్తే స్పష్టంగా వస్తుందా?" అని అడిగినవాళ్ళకు ఒకటే జవాబు: "ఉన్నదాన్ని పెద్దది చేయడమే ఎన్‌లార్జ్ అంటే. లేనిది ఎక్కణ్ణుంచి తేను, నా తలకాయలోంచా?"

వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న ఆమె వచ్చినప్పుడు మాత్రం ఆ మాట ఆయన నోట రాలేదు. మొన్నటి వరద ఆమె కూతుర్నీ మింగింది, ఇంట్లో ఫోటోలనూ మింగింది. పిల్ల స్నేహితురాలి ఇంట్లో దొరికిన బడి ఫోటో తెచ్చిందామె. నలభైమందిలో వెనక వరుస చివర, నువ్వుగింజంత ముఖం.

"గోడకు పెట్టుకునేంత చెయ్యి బాబాయ్. పదకొండేళ్ళు పెంచాను. ఒక్క ఫోటో అయినా లేకపోతే ఎలా?"

"చేస్తానమ్మా," అనేశాడు.

తీరా కంప్యూటర్లో పెద్దది చేస్తే కన్నూ ముక్కూ కలిసిపోయి బూడిదరంగు మచ్చ తేలింది. అయ్యో, అప్పుడైనా నిజం చెప్పాల్సింది! మాటిచ్చానన్న పంతం ఒకటి, పైగా జాలి. పాత ఫోటోలో చెవి చెడిపోతే ఇంకో ఫోటోలోంచి చెవి తెచ్చి అతికించడం ఆ పనిలో మామూలే. ఆయన చెవితో ఆగలేదు. ఎవరి పెళ్ళి ఆల్బంలోంచో కళ్ళు, ఎవరి పుట్టినరోజు ఫోటోలోంచో నవ్వు తెచ్చి ముఖమంతా తయారుచేసి ఫ్రేము కట్టాడు.

ఆమె చాలాసేపు చూసింది. "నా తల్లే," అని అద్దాన్ని ముద్దుపెట్టుకుని తీసుకుపోయింది. అబద్ధమైతేనేం, ఒక కన్నతల్లి ప్రాణం కుదుటపడిందనుకున్నాడు బాబాయి.

రెండు నెలలకు ఆమె ఫ్రేము పట్టుకుని తిరిగొచ్చింది. మనిషి సగమైపోయింది.

"ఇది మా పిల్ల కాదు కదూ?"

బాబాయి ఫ్రేము అందుకుని బల్లమీద బోర్లించాడు.

"మొదటిరోజే అనుమానమొచ్చింది. పెద్దది చేస్తే ఇలాగే ఉంటుందేమోలే అని సరిపెట్టుకున్నా. రోజూ దీన్నే చూశా. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఈ పిల్లే వస్తోంది. మాది రావడంలేదు. దాని కళ్ళెలా ఉండేవో గుర్తు రావడంలేదు బాబాయ్!"

"తప్పైపోయిందమ్మా," అంటూనే ఆయన గబగబా కంప్యూటరు తెరిచి, అతికించినవన్నీ ఒక్కొక్కటే తీసేశాడు. చివరికి ఆ బూడిదరంగు మచ్చ మిగిలింది.

ఆమె స్టూలు లాక్కుని దాని ముందు కూర్చుంది.

"ఉండనీ. చూస్తూ ఉంటే ఏమైనా గుర్తొస్తుందేమో."

స్టూడియో మూసే వేళ దాటిపోయినా ఆమె లేవలేదు. లెమ్మనడానికి బాబాయికి మొహం చెల్లలేదు.