బావ జీపు చక్రాల్లో గాలి

ఏరా అల్లుడూ, అప్పుడే పళ్ళు ఇకిలించకు, ఇది మీ నాన్న కథే. కొత్తగా జీపు కొన్నాడుగా, మూతపడ్డ తగరం గనుల వైపు వెళ్దాం పదమన్నాడు. అక్కడిప్పుడు మడుగులూ, రెల్లుగడ్డీ, మధ్యలో దొరల కాలం నాటి బంగళా ఒకటీ మిగిలాయంతే. "జీపు బురదలో దిగబడిందో, రేపే అమ్మేయిస్తా" అని మీ అమ్మ ముందే తేల్చేసింది. అప్పుడు మీ నాన్న మొహం చూడాలి!

వాళ్ళిద్దరూ కొత్త జీపులో, నేను నా పాత జీపులో వెళ్ళాం. బంగళా దగ్గర ఆగాక, ఫోటోలు తీస్తానంటూ మీ నాన్న మీ అమ్మని వెనక్కి తీసుకెళ్ళాడు. బండి కనబడితే గాలి తీయడం నాకు చిన్నప్పటి అలవాటు, నా చేతులు ఊరుకుంటాయా? ఆయన జీపు నాలుగు చక్రాల్లోనూ సగం గాలి తీసేశా.

తిరిగొచ్చి చక్రాలు చూశాడు. ఎక్కి నేరుగా బురదలోకి పోనిచ్చాడు. దిగబడతాడు, నవ్వుదామని చూస్తున్నానా, మెత్తబడ్డ చక్రాలు వెడల్పుగా పరుచుకుని జీపు హాయిగా అవతలికి పోయింది. నాకు రోషమొచ్చి వెనకే పోనిచ్చా. నావి గట్టి చక్రాలాయె, బురదను కోసుకుంటూ ఇరుసు దాకా దిగిపోయాయి.

మీ నాన్న తాడు తెచ్చి నా జీపుకి కడుతూ, మీ అమ్మకి వినబడకుండా అన్నాడు:

"బామ్మర్దీ, బురదలో దిగేముందు గాలి తగ్గించాలని జీపు అమ్మినవాడు చెప్పాడోయ్. మోకాళ్ళ నొప్పితో నేను వంగలేను. నిన్ను ఒక్కడినే వదిలితే ఆ పని అయిపోతుందనే ఫోటోలకి వెళ్ళా."