కడుపుకు వంతు

పదకొండు కాకముందే నర్సు బోరమ్ పదమూడు మంది మందులు నూరేసింది. ఇంకా తొమ్మిది మంది మిగిలారు. అందరూ మింగలేని ముసలివాళ్ళు. ఏ మాత్రయినా కల్వంలో పొడి చేసి, నీళ్ళలో కలిపి, ముక్కు గొట్టంలో పోయాల్సిందే. పొడి ఎగురుతుందని కిటికీ మూసేశారు. అది నూరేవాళ్ళ ముక్కుల్లోకి పోతుందన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

బోరమ్‌కు పదో వారం. మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. మోక్పో ఊళ్ళోని ఆ వృద్ధుల ఆసుపత్రిలో నర్సులు కడుపుతో ఉండడానికి వంతులున్నాయి. నవ్వకండి, నిజంగానే ఉన్నాయి. ఇద్దరు ఒకేసారి సెలవు పెడితే వార్డు నడవదు. ఇంకో మనిషిని పెట్టడానికి యాజమాన్యానికి మనసు రాదు. అందుకని ఆడవాళ్ళే తమలో తాము వరస పెట్టుకున్నారు. ఈ ఏడు యున్‌జంగ్ వంతు. మార్చిలో ఆమెకు కడుపు నిలిచింది, మేలో పోయింది. ఒళ్ళు బలహీనమన్నారు, బాలింతలకిచ్చే నాచు చారు తాగమన్నారు. వారానికల్లా వచ్చి మళ్ళీ నూరింది.

మందుల పెట్టెల్లోని కాగితాలు చూడకుండా పారేయడం అక్కడ అలవాటు. చదివే తీరిక ఎవరికుంది? ఆ రోజు ఒక కాగితం ప్రోస్టేట్ మాత్రల రేకుకు అతుక్కుని వచ్చింది. గర్భిణులు, గర్భం వచ్చే అవకాశమున్నవాళ్ళు ఈ మాత్ర పొడిని తాకరాదని ఉంది. రోజుకు ఆరు చొప్పున రెండు నెలలుగా బోరమ్ వాటిని నూరుతోంది. కాగితం చేత్తో పట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

ఆలస్యమేమిటని వచ్చిన హెడ్ నర్సు హ్యేసుక్ ఆమె ముఖమూ చూసింది, కాగితమూ చూసింది.

"ఎన్నో నెల?"

"మూడోది, మేడమ్."

"యున్‌జంగ్ వంతు తీరకుండానే? తోటిదాని నోటికాడ కూడు లాక్కోడానికి సిగ్గులేదూ?"

బోరమ్‌కు నిజంగానే సిగ్గేసింది. అదీ ఘోరం.

గుమ్మంలో నిలబడి యున్‌జంగ్ అంతా వింది. తనకు నెల తప్పి నాలుగు రోజులైందని పొద్దున బట్టలు మార్చుకునేటప్పుడు బోరమ్ చెవిలో చెప్పింది ఆమే. ఇప్పుడు గ్లవ్స్ తొడుక్కుని, నువ్వు లే, నేను నూరతానని కల్వం తనవైపు లాక్కోబోయింది.

బోరమ్ రెండు చేతులతో కల్వం మూసేసింది.

"వద్దక్కా. నేను నూరను. నిన్నూ నూరనివ్వను."

"అక్కడ తొమ్మిది మంది గొట్టాలు పెట్టుకుని చూస్తున్నారు," అంది హ్యేసుక్. "లోకంలో మీకే వచ్చిందా కడుపు? నేను పంతొమ్మిదేళ్ళు నూరాను. నాకేమైంది?"

ఇద్దరూ తలెత్తి ఆమెను చూశారు. ఏమైందో వార్డంతటికీ తెలుసు. మూడుసార్లు కడుపు పోయింది. ఇన్నేళ్ళలో ఆమె ముందు ఎవరూ ఎత్తని మాట అది.

 హ్యేసుక్ జేబు తడిమి కళ్ళజోడు పెట్టుకుంది. కాగితం అందుకుని, మొదటి వరస నుంచి చదవసాగింది.