పలకల మీద పరుపులు

మా యజమాని విహారనౌకకి ‘పచ్చని పడవ’ పురస్కారం కావాలట. రేవులో ఊరికే కట్టేసి ఉన్నా గంటకి ముప్పై లీటర్ల డీజిల్ తాగే పడవ అది. అంతా చేసి అందులో ఉండేది ఆయన, ఆయన భార్య, జలుబు చేసిన ఒక కుక్క. ఆ కుక్కకి కూడా ఏసీ ఉండాల్సిందే.

నేను ఇంజన్ మెకానిక్‌ని. మూడు నెలలు నడుం విరగ్గొట్టుకుని పైన డెక్ మీద సోలార్ పలకలు పరిచి, కింద ఇంజన్ గదిలో బ్యాటరీలు పెట్టాను. పరీక్షాధికారి వచ్చిన రోజు జనరేటర్ లేకుండా రెండు గంటలు ఏసీ నడవాలి. నడవకపోతే అన్నీ పీకించేస్తానని యజమాని ముందే చెప్పాడు. పురస్కారం ఎవరికి కావాలి? ఆ దిక్కుమాలిన పొగ ఒక్కరోజైనా ఆగితే కళ్లారా చూడాలని నా ఆశ.

ఇంతలో మా అక్కకి ఆపరేషనైతే మూడు రోజులు సెలవు పెట్టాను. తిరిగొచ్చిన ఉదయమే పరీక్ష. బ్యాటరీ మీటరు చూశాను. ఛార్జి పావు వంతు కూడా లేదు. పైకి పరుగెత్తాను. పలకలన్నిటి మీదా తెల్లటి పరుపులు, వాటి మీద ఎండ కాగుతూ అమ్మగారు.

“అమ్మా, వీటికి ఎండ తగలాలండి.”

“తగిలితే నాకూ తగలాలి కదయ్యా. పైగా అతిథి వస్తుంటే ఆ నల్ల రేకులు చూపిస్తామా?”

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే.

ఇరవై నిమిషాలకి ఏసీ ఆగిపోయింది. యజమాని చొక్కా తడిసింది. “చూస్తావేమయ్యా, జనరేటర్ వెయ్యి” అన్నాడు, పరీక్షాధికారి ఎదురుగానే. పడవ గజగజలాడి నల్లగా పొగ ఊదింది. అధికారి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని పరుపు మీద చతికిలబడ్డాడు.

“మెత్తగా ఉన్నాయే. దేనితో చేయించారు?”

“పాత ప్లాస్టిక్ సీసాలు కరిగించి తీసిన దూదండి” అన్నారు అమ్మగారు.

ఆయన కాగితాల మీద పది నిమిషాలు రాసుకున్నాడు. పలకల గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. పైన పటారం, లోన లొటారం.

వారం తిరక్కుండా పురస్కారం వచ్చింది. పరుపులకట.

“వానకి తడిసిపోతున్నాయి. ఇంజన్ గదిలో ఆ బ్యాటరీలు పీకేసి అక్కడ పరుపులకి చోటు చెయ్యి” అన్నాడు యజమాని. నా చేతులతో నేనే పీకాను. ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

పరుపులకి పొగ వాసన వస్తోందని నిన్న అమ్మగారు నన్నే తిట్టారు.