నలుగురిలో హీలర్ ఎవరు?

కుప్పంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు పెట్టిన పోటీకి పేర్లు ఇచ్చేసిన తర్వాతే మేము నియమాలు చదివాము. జట్టుకు నలుగురు ఉండాలి. ఆటలో నలుగురూ వేర్వేరు క్లాసులు, అంటే పాత్రలు, ఎంచుకోవాలి. ఒకే క్లాసు ఇద్దరు తీసుకుంటే జట్టును ఆడనివ్వరు.

"అయిపాయె మన కత," అన్నాడు గంగప్ప.

ఆట పేరు 'ఏడు కోటలు'. ఫోన్లో ఆడేది. అందులో డాలు పట్టుకుని ముందు నిలబడి దెబ్బలు కాచుకునేవాడు ట్యాంక్. మంత్రం వేసేవాడు మేజ్, దూరం నుంచి బాణం వేసేవాడు ఆర్చర్, పడిపోయే వాళ్ళకు మందు పోసి నిలబెట్టేవాడు హీలర్. మా నలుగురికీ ట్యాంక్ ఒక్కటే వచ్చు. మదనపల్లెలో డిగ్రీ చదివే రోజుల్లో ఆ ఆట ఆడగలిగిన ఫోన్ మా స్నేహితుడు ముక్తియార్ దగ్గర మాత్రమే ఉండేది. వాళ్ళ పరుపుల దుకాణంలో, పరుపుల దొంతర మీద బోర్లా పడుకుని, ఆ ఫోన్ చేతులు మార్చుకుంటూ ఆడేవాళ్ళం. ఫోన్ ఒక్కటే కాబట్టి ఆటలో మా మనిషి కూడా ఒక్కడే. పెద్ద డాలు పట్టుకున్న ట్యాంక్.

తర్వాత మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదైంది. పుంగనూరు దగ్గర గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌గా చేరాను. గంగప్పకు వి.కోటలో పాల చిల్లింగ్ సెంటర్లో ఉద్యోగం వచ్చింది. ఎవరి ఫోన్ వాళ్ళకు వచ్చినా నలుగురమూ మళ్ళీ డాలునే పట్టుకున్నాము.

"ఒక ఏడు రేటొచ్చిందని మరుసటేడు ఊరంతా టమాటానే పెడతారు సూడు, అట్లుండాది మన యవ్వారం," అన్నాడు గంగప్ప.

ఆ ఆదివారం దుకాణంలో కూర్చుని పంచుకోవడం మొదలుపెట్టాము. ట్యాంక్ ముక్తియార్‌ది, అందులో వాదన లేదు. నేను మేజ్ అన్నాను. గంగప్ప ఆర్చర్ అన్నాడు.

"ఇంగ హీలర్ సాదియా," అన్నాడు ముక్తియార్. సాదియా అతని చెల్లెలు. "ఆడపిల్ల గదా, బాగా సూసుకుంటాది."

"నక్కో భాయ్. నేను చెయ్యను."

ముక్తియార్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"దాదీ మంచాన పడినప్పట్నుంచీ ఇంట్లో నేను చేస్తాండేది అదే గదా. నీళ్ళు పోసేది, తినిపించేది, పక్కకు తిప్పి పండుకోబెట్టేది. ఈడికొచ్చి ఫోన్ పట్టుకుంటే ఆడగూడా నేనే మందు పొయ్యాల్నా? ఒక్క గంట ఎవురినీ సూసుకోకుండా ఉండాలనే నేను ఆడేది."

వాళ్ళ అమ్మీ లోపల కుట్టు మిషన్ తొక్కడం ఆపింది.

"అట్లయితే నువ్వు రావద్దు," అన్నాడు ముక్తియార్. "ఇరమ్‌ను పిలుస్తా. ఆ పిల్ల సెప్పింది సేస్తాది."

ఇరమ్ వాళ్ళ పక్కింటి అమ్మాయి. ఆట నేర్చుకుని నెల కూడా కాలేదు. అన్న తోడుగా వస్తున్నాడు కాబట్టే కుప్పం దాకా పోవడానికి సాదియాకు ఇంట్లో ఒప్పుకున్నారు. అతను వద్దంటే ఆమె ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది. ఆమె ఫోన్ పక్కన పెట్టి, దూది అంటిన చున్నీని దులుపుకుంటూ కూర్చుంది.

"నేనుంటా అప్పా హీలర్‌గా," అన్నాడు గంగప్ప.

గంగప్ప ఆరడుగుల మనిషి. నిండు పాలక్యాను ఒంటిచేత్తో ఎత్తుతాడు. ఆటలో హీలర్ బొమ్మ మల్లెపూలు పెట్టుకున్న సన్నటి అమ్మాయి. నేను ఆపుకోలేక నవ్వేశాను.

"యాల నవ్వుతావు భీమన్నా? మల్లెపూలు నాకు బాగుండవా?"

అలా సాదియాకు ఆర్చర్ వచ్చింది. కానీ ఆమె కట్టుకున్న బిల్డ్ చూసి ముక్తియార్ తల పట్టుకున్నాడు. క్లాసు ఒకటే అయినా పాయింట్లు దేనికి పెట్టుకుంటామో దాన్నిబట్టి మనిషి మారిపోతాడు. అందరూ ఆర్చర్‌కు వేగం పెంచుతారు. చకచకా బాణాలు వేసి పరిగెత్తవచ్చు. సాదియా వేగానికి ఏమీ పెట్టలేదు. పాయింట్లన్నీ బరువైన ఒక్క బాణానికి పెట్టింది. అది లాగడానికి చాలాసేపు కదలకుండా నిలబడాలి. మధ్యలో కదిలితే మళ్ళీ మొదటి నుంచి లాగాలి.

"అంతసేపు నిన్ను ఎవురు కాపాడాల?" అన్నాడు ముక్తియార్.

"మీరు ముగ్గురు ఉండారు గదా."

"సరే. ఓడిపోతే మాత్రం మళ్ళా ఆట మాట ఎత్తొద్దు."

"ఎత్తను," అంది సాదియా.

పోటీ రోజు అన్నాచెల్లెళ్ళు మదనపల్లెలో బస్సెక్కారు. నేను పుంగనూరులో ఎక్కాను, గంగప్ప వి.కోటలో ఎక్కాడు. కాలేజీ హాలు నిండా పిల్లలు. మాలాంటి ఉద్యోగస్తులు ఇద్దరు ముగ్గురు కంటే ఎక్కువ కనిపించలేదు. మొదటి రౌండ్లలో గంగప్ప ఓపికగా వెనకాల నిలబడి మందు పోశాడు. సాదియా బాణం పడిన ప్రతిసారీ హాల్లో అరుపులు. ఫైనల్‌కు ముందు రౌండు కోట తలుపు. తలుపు తోసుకుని రాతి రాక్షసుడు వచ్చాడు.

వాడు గర్జించగానే మేము తప్పు చేశాము. మంత్రం వెయ్యాల్సిన నేను వాడి కాళ్ళ దగ్గరికి పరిగెత్తాను. పక్కన చూస్తే మల్లెపూలు పెట్టుకున్న గంగప్ప కూడా పరిగెత్తుతున్నాడు. రాక్షసుడు కనిపిస్తే ముందుకు దూకి డాలు అడ్డం పెట్టడమే ఆ పరుపుల మీద మేము నేర్చుకున్నది. ఇప్పుడు మా చేతుల్లో డాలు లేదన్న సంగతి వేళ్ళకు గుర్తు లేదు. ఒక్క గుద్దుకు గంగప్ప పోయాడు. అతని మందుల సంచి నేల మీద పడింది.

సాదియా ఒక్కతే తన చోట నిలబడి బాణం లాగుతోంది.

పడిన వాళ్ళ సంచి ఎవరైనా ఎత్తుకోవచ్చు. కానీ చేతిలో ఉన్నది కింద పెట్టాలి.

"సాదియా, సంచి ఎత్తుకో!" అని అరిచాడు ముక్తియార్.

"ఎత్తను."

"భీమన్న సస్తాండాడు!"

"నువ్వు ఎత్తుకో భాయ్."

"నేను డాలు దించితే దెబ్బలు ఎవురు తినాల?"

"భీమన్న తింటాడు. నువ్వు పోస్తా ఉండు."

నన్ను ఎవరూ అడగలేదు. ముక్తియార్ ఒక్కసారి చెల్లెలి వైపు చూశాడు. ఆమె కళ్ళు ఫోన్ మీదే ఉన్నాయి. పెదవి కొరుక్కుంటోంది. అతను డాలు దించి సంచి ఎత్తుకున్నాడు.

మొదటి మందు పొరపాటున తన మీదే పోసుకున్నాడు. రెండోది ఎటో పోయింది. "యాడ నొక్కాల్రా ఇది?" అని అరిచాడు. పోయిన గంగప్ప కుర్చీలోంచి లేచి, "పచ్చది నొక్కు, పచ్చది," అంటున్నాడు. నాకు మందు అందింది. లేచాను, దెబ్బ తిన్నాను, మళ్ళీ అందింది. నేను లేచేసరికి ముక్తియార్ పడబోతున్నాడు. సాదియా బాణం వదిలింది. రాక్షసుడి భుజం విరిగి రాళ్ళు రాలాయి. ఆమె వెంటనే రెండోది లాగడం మొదలుపెట్టింది. ముక్తియార్ మందు పోస్తూనే ఉన్నాడు. నుదుటి మీద చెమట.

రెండో బాణం వదలకముందే సమయం అయిపోయింది. మేము ఓడిపోయాము.

బయట టీ కొట్టు దగ్గర గంగప్ప అందరికీ సారీ చెప్పాడు. నేనూ చెప్పాను. సాదియా గ్లాసు పట్టుకుని నేల చూస్తూ నిలబడింది. ఓడిపోతే ఆట మాట ఎత్తనని ఆమె మాట ఇచ్చింది. అది మా అందరికీ గుర్తుంది.

"ఒకర్ని సూస్తే ఇంకొకరు పోతారు," అన్నాడు ముక్తియార్, ఎవరితోనూ అన్నట్టు కాకుండా. "నా బాగోగులు సూసుకునేదానికి టైమే ల్యా. ఏం పని అప్పా అది."

"నాకు తెలుసు," అంది సాదియా.

అతను టీ తాగడం ఆపాడు. "ఇంకొక్క బాణం పడింటే గెలిచేవాళ్ళం. వచ్చేసారి సంచి నాది. గంగా, డాలు నువ్వు పట్టుకో. ఆర్చర్ ఇదే." చెల్లెలి వైపు గడ్డంతో చూపించాడు.

"రేపు పొద్దున దాదీకి నీళ్ళు పోసేది గూడా నువ్వే," అంది సాదియా.

గంగప్ప పకపకా నవ్వాడు. ముక్తియార్ నవ్వలేదు, కాదనలేదు.

తిరుగు బస్సులో వి.కోటలో గంగప్ప దిగిపోయాడు. పలమనేరు దాటాక నేను నిద్రపోయాననుకున్నారు వాళ్ళిద్దరూ. ముందు సీట్లోంచి ముక్తియార్ గొంతు మెల్లగా వినిపించింది.

"నీళ్ళు ఎంత వేడుండాల?"

"చెయ్యి పెట్టి సూడు. నీకు సరిపోతే ఇంకొంచెం చన్నీళ్ళు కలుపు," అంది సాదియా. "దాదీ తోలు పల్చన."